చెవిలో చెప్పిన క్షమాపణ

జమ్మికుంటలో ఓదెలు అనే డీజే ఉండేవాడు. అతని చేతికి ఎంత నేర్పు ఉండేదో, నోటికి అంత తొందర ఉండేది. ఏదైనా చెడిపోతే ముందు ఎవరో ఒకరిని తిట్టేవాడు. తీరిక దొరికితే ఆ తర్వాత ఏం చెడిందో చూసేవాడు. అన్నం మాడితే గ్యాసు బండ తెచ్చినవాడిని తిట్టేవాడు. గడప తగిలి కాలివేలు చిట్లితే, ఇరవై ఏళ్ల కిందట ఆ గడప చేసిన వడ్రంగిని తిట్టేవాడు. చాలాసార్లు తప్పు తనదేనని తేలేది. అప్పుడు "పోనీలే" అనేవాడు. తిట్లు తిన్నవాడి దాకా మాత్రం ఆ "పోనీలే" ఎన్నడూ చేరేది కాదు.

పనిలో మాత్రం అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అతను పాటలు కలిపితే పెళ్లి ఊరేగింపులో మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా రెండడుగులు వేసేవారు. ఆ నేర్పు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి కొమురయ్య ముప్పై ఐదేళ్లు బ్యాండు మేళం నడిపాడు. క్లారినెట్ అతని ప్రాణం. ఊపిరి సరిగా అందక ఊదడం మానేశాక, చివరిసారి వాయించిన పాటను ఓదెలు రికార్డు చేసి దాచుకున్నాడు. ఎక్కడ డీజే పెట్టినా ముందు ఆ క్లారినెట్ వినిపించి, తర్వాతే మిగతా పాటలు మొదలుపెట్టేవాడు.

పాటలు కలిపే యంత్రాన్ని కన్సోలు అంటారు. ఓదెలు దాన్ని పసిబిడ్డలా చూసుకునేవాడు. ఆ యంత్రం లోపల దాన్ని నడిపించే ఒక ప్రోగ్రాము ఉంటుంది. కంపెనీవాళ్లు అప్పుడప్పుడు దాన్ని మార్చి కొత్తది పంపుతుంటారు. దాన్నే అప్‌డేట్ అంటారు. అప్‌డేట్ వస్తే యంత్రం బాగుపడాలి. కానీ ఆ ఏడాది వేసవిలో వచ్చిన అప్‌డేట్ ఓదెలు కొంప ముంచింది. తెలుగులో రాసుకున్న పాటల పేర్లన్నీ తెర మీద ఖాళీ డబ్బాలుగా మారిపోయాయి. రెండు వేల పాటలు, రెండు వేల వరసల డబ్బాలు. వాటిలో తండ్రి క్లారినెట్ ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది.

ఒక పెళ్లిలో వరుడు గుర్రం దిగుతున్నాడు. ఓదెలు అంచనాతో ఒక డబ్బా మీద నొక్కాడు. అప్పగింతల పాట మొదలైంది. ఇంకా తాళి కట్టనే లేదు, పెళ్లికూతురి తల్లి గొల్లుమంది. ఆమెను చూసి చెల్లెళ్లు, వాళ్లను చూసి మేనత్తలు ఏడ్చారు. వరుడు ఒక కాలు గుర్రం మీద, ఒక కాలు గాలిలో పెట్టుకుని బిత్తరపోయి చూశాడు. ఆ రోజు ఓదెలు తలెత్తుకోలేకపోయాడు.

అతని కోపంలో న్యాయం ఉంది, కాదనలేం. కంపెనీ నంబరుకు నాలుగుసార్లు ఫోను చేశాడు. నాలుగుసార్లూ ఒక తియ్యటి గొంతు "మీ ఫోను మాకెంతో విలువైనది" అని చెప్పి, సన్నాయి వినిపించి, లైను కోసేసింది. అతని మాట చివరిదాకా విన్నది ఒక్కరే. ఆమె పేరు స్వరూప. కరీంనగర్‌లోని సర్వీస్ సెంటర్‌లో పద్నాలుగేళ్లుగా యంత్రాలు బాగుచేసేది. ఇద్దరు ఆడపిల్లల తల్లి, ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఆమె ఆ డబ్బాలను ఫోటో తీసుకుంది. కంపెనీకి ఉత్తరం మీద ఉత్తరం రాసింది. ఏడో ఉత్తరానికి జవాబు వచ్చింది.

దసరా ముందు రోజు, నవమి నాడు పొద్దున్నే ఆమె ఓదెలుకు ఫోను చేసింది.

"తమ్మీ, కొత్త అప్‌డేట్ వచ్చింది. తెలుగు అక్షరాలు మంచిగ కనబడుతయి. నీకు పంపిన, ఎక్కించుకో. ఒక్క మాట మాత్రం యాది పెట్టుకో. నీలం లైటు కొట్టుకుంటున్నంతసేపు కరెంటు ఆగొద్దు. నలభై నిమిషాలు పడుతది. మధ్యల ఆగిందంటే మిషను లేవదు."

"సరే సరే మేడం," అన్నాడు ఓదెలు. అతని చెవిలో "తెలుగు అక్షరాలు" అన్న మాట పడ్డాక మిగతాది సగమే పడింది.

నవమి నాడు ఆ ఇంట్లో ఆయుధపూజ. కొమురయ్య మేళం నడిపిన రోజుల నుంచీ ఒక ఆచారం ఉంది. ఆ రోజు వాయిద్యాలన్నీ కడిగి, అమ్మవారి పటం ముందు వరసగా పెట్టి, మర్నాటి పొద్దుటిదాకా వాటిని ఎవరూ ముట్టరు. ఏడాదంతా మనకు అన్నం పెట్టినవి ఒక్క రోజు నిద్రపోవాలని కొమురయ్య చెప్పేవాడు. ఓదెలు చేతికి సౌండు బాక్సులు, కన్సోలు వచ్చాక ఆ ఆచారానికి ఇంకో మెట్టు కట్టాడు. హారతికి ముందు ఇంటి మెయిన్ స్విచ్చి ఆపేసేవాడు. కరెంటు పారుతుంటే యంత్రం నిద్రపోయినట్టు ఎలా అవుతుందని అతని వాదన. చూడవచ్చినవాళ్లు ఆ మాటకు తలలూపేవారు. ఓదెలుకు అదొక మురిపెం.

ఆ రోజు పదిన్నర దాటాక ఓదెలు కన్సోలుకు అప్‌డేట్ పెట్టాడు. నీలం లైటు కొట్టుకోసాగింది. దాని మీద కొత్త పసుపు గుడ్డ కప్పాడు, బంతిపూల దండ వేశాడు. ఇంతలో బాక్సులు తుడవాలని గుర్తొచ్చింది. తుడిచాడు. ట్రాలీ ఆటోకు మామిడాకులు కట్టాడు. తండ్రి క్లారినెట్ తెచ్చి పటం ముందు పెట్టాడు. అందరూ చేరాక, ఓదెలు ఎప్పటిలాగే నిద్ర గురించి నాలుగు మాటలు చెప్పి, వెళ్లి మెయిన్ స్విచ్చి ఆపి వచ్చి హారతి ఇచ్చాడు. ఇంట్లో ఫ్యాన్లు ఆగాయి. కొబ్బరికాయ సరిగ్గా రెండు ముక్కలైంది. అందరికీ తృప్తి కలిగింది. వాయిద్యాల గదికి గొళ్లెం పెట్టాక, మళ్లీ మెయిన్ వేశారు.

దసరా పొద్దున గొళ్లెం తీసి, ఓదెలు ఒక్కొక్క యంత్రాన్నే లేపాడు. బాక్సులు గుర్రుమన్నాయి. లైట్లు వెలిగాయి. కన్సోలు మీది పసుపు గుడ్డ తీశాడు. తెర నల్లగా ఉంది. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. తీగ మార్చి నొక్కాడు. నీలం లేదు, ఎరుపు లేదు, చిన్న చప్పుడు కూడా లేదు. మర్నాడు దుర్గమ్మ నిమజ్జనం, ఊరంతటికీ అతనిదే డీజే. అలవాటు ప్రకారం, తిట్టడానికి ఎవరు దొరుకుతారా అని చూశాడు. ఫోను తీశాడు.

"ఏం అప్‌డేట్ పంపినవ్ మేడం? నా మిషను సచ్చిపోయింది!"

స్వరూప ఉలిక్కిపడింది. "అయ్యో! నీలం లైటు ఉన్నప్పుడు కరెంటు ఆగిందా తమ్మీ?"

"మా వాడల నిన్న ఒక్క నిమిషం గూడ కరెంటు పోలే. కావాల్నంటే వాడంతా అడుగు!"

అది అబద్ధం కాదు. కరెంటు నిజంగానే పోలేదు.

"మరెట్లయితది?" అందామె. "రేపు పొద్దున పట్టుకొని రా. సెలవైనా సెంటర్ తెరుస్త. నిమజ్జనానికి టైముకు చేసిస్త. చూడకుండ మాత్రం ఏమైందో చెప్పలేం."

"చూసేదేంది? చేసింది నువ్వే!" అని ఓదెలు ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రం పత్తి మార్కెట్ మైదానంలో ఊరంతా చేరింది. జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని, అదే బంగారమని ఒకరికొకరు ఇచ్చుకుని, ఏడాది పొడుగునా మాటల్లేనివాళ్లు కూడా అలయ్ బలయ్ చేసుకునే వేళ అది. పాత మిక్సరు ఒకటి తగిలించి, ఎనిమిది బాక్సులు పెట్టి, ప్రకటనలకు మైకు ఏర్పాటు చేసింది ఓదెలే. అందరూ కౌగిలించుకుంటుంటే అతను మైకు అందుకున్నాడు.

"అందరికి దసరా శుభాకాంక్షలు! ఒక్క మాట చెప్పాలె. కరీంనగర్ సర్వీస్ సెంటర్ల స్వరూప అని ఒకామె ఉన్నది. అప్‌డేట్ అని చెప్పి నా మిషన్ను చంపింది. ఆమెకు పని రాదు! ఆమె చేతికి మీ సామాన్లు ఇయ్యకుండ్రి. అసొంటామెను కుర్చీల కూసోబెట్టిన కంపెనీకి సిగ్గుండాలె!"

ఎనిమిది బాక్సులు ఆ మాటను రైల్వే గేటు దాకా మోసుకుపోయాయి. జనం చేతుల్లో జమ్మి ఆకులతో అలాగే నిలబడిపోయారు. ఎవరో వీడియో తీశారు. పది నిమిషాల్లో అది జిల్లా డీజేల గ్రూపులో పడింది. ఆ గ్రూపులో నాలుగు వందల మంది. ప్రతివాడికీ అప్‌డేట్ల మీద ఏదో ఒక మంట ఉంది. కంపెనీ ముఖం ఎవరూ చూసి ఎరుగరు. స్వరూప ముఖం అందరికీ తెలుసు. ఇంకేం, అందరి మంటా ఆమె మీదికే పోయింది. ఎలుక వైరు కొరికి మిషను చెడినవాడు కూడా "నాదీ ఆమెనే చెడగొట్టింది" అని రాశాడు.

ఇంటి దగ్గరే ఉండిపోయిన కొమురయ్యకు ఎవరో ఆ వీడియో చూపించారు. ముసలాయన చూసి, ఫోను తిరిగిచ్చేసి, కొడుకుతో ఒకే మాట అన్నాడు.

"రేపు నేను గూడ వస్త."

మర్నాడు పొద్దున తండ్రీకొడుకులు కన్సోలు పట్టుకుని కరీంనగర్ చేరేసరికి, సర్వీస్ సెంటర్ ముందు పదిమంది దాకా డీజేలు మూగి ఉన్నారు. ఒకడి యంత్రంలో బటన్ల చోట్లు మారాయట. ఇంకొకడిది పెన్‌డ్రైవ్‌ను చదవడం లేదట. "మా సామాన్లు మాకియ్యుండ్రి, నీ రిపేరు మాకద్దు!" అని అరుస్తున్నారు. లోపల స్వరూప ఫోను చెవికి పెట్టుకుని నిలబడి ఉంది. "అట్లనే సార్... అట్లనే," అంటోంది. ఫోను బల్ల మీద పెట్టి, ఓదెలును చూసింది.

"సోమవారం నుంచి రావద్దన్నరు," అందామె. "వీడియో పైదాకా పోయిందట. ఎంక్వైరీ చేస్తరట. ఇయ్యాలనే ఆఖరు. ఇటియ్యి తమ్మీ, నీ మిషను చూస్త."

ఒక మనిషి ఉద్యోగం పోవాలని ఓదెలు అనుకోలేదు. కానీ మైకు పట్టుకుని అడిగింది అచ్చంగా అదే. కన్సోలు అందించాడు.

ఆమె దానికి సన్నటి తీగ తగిలించి తన కంప్యూటరుకు కలిపింది. "తెర సచ్చినా లోపల ఇది అన్నీ రాసుకుంటది. ఏ టైముకు ఏమైందో దీంట్ల ఉంటది," అంది. అంకెలు వరసగా వచ్చాయి. ఆమె చదివింది. మళ్లీ చదివింది. తెరను ఓదెలు వైపు తిప్పి, వేలుతో చూపించింది.

నవమి. పది నలభైకి అప్‌డేట్ మొదలు. పదకొండు గంటల రెండు నిమిషాలకు కరెంటు ఆగింది. అప్పటికి అయింది సగానికి కొంచెం ఎక్కువ.

"కరెంటు పోనేలేదు గదా!" అన్నాడు ఓదెలు. "మా వాడల ఎవరినన్న అడుగు. బాపూ, నువ్వు చెప్పు, నవమి నాడు కరెంటు పోయిందా?"

కొమురయ్య ఆ అంకెల మీదికి వంగి చూశాడు. ఊపిరి ఎగబీల్చుకుంటూ మెల్లగా అన్నాడు.

"పదకొండు గంటలకు హారతి ఇచ్చినం గదరా. మెయిను నువ్వే బంద్ చేస్తివి."

పసుపు గుడ్డ, దాని కింద కొట్టుకుంటున్న నీలం లైటు, స్విచ్చి మీద తన చెయ్యి, అన్నీ ఒక్కసారే ఓదెలు కళ్ల ముందు కనిపించాయి. నిద్ర గురించి తాను చెప్పిన నాలుగు మాటలూ గుర్తొచ్చాయి. తన యంత్రం పీక నొక్కింది తనే. నొక్కి, హారతి ఇచ్చింది కూడా తనే.

బయటి నుంచి ఒకడు తొంగిచూసి అడిగాడు. "ఓదెలన్నా, ఏమంటది మేడం? తప్పు ఒప్పుకున్నదా?"

స్వరూప ఓదెలు వైపు చూసింది. కొమురయ్య కూడా చూశాడు. ఒక్క మాట చెబితే చాలు, ఆ పదిమంది చల్లబడేవారు.

"చూస్తున్నరు... ఇంక చూస్తున్నరు," అన్నాడు ఓదెలు.

స్వరూప తల వంచి పనిలో పడింది. బయట అరుపులు పెరిగాయి. ఒక్కొక్కరే తమ యంత్రాలు లాక్కుని పోయారు. ఒకడు పోతూ పోతూ గుమ్మం మీద ఉమ్మేశాడు. ఓదెలు గోడకు ఉన్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

రెండు గంటలు గడిచాక నీలం లైటు వెలిగింది. తర్వాత తెర వెలిగింది. డబ్బాలు లేవు. పాటల పేర్లు తెలుగులో ముత్యాల్లా వరసగా వచ్చాయి. అన్నిటికంటే పైన "అ ఒకటి బాపు క్లారినెట్" అని ఉంది. ముందు రావాలని ఓదెలు అలా పేరు పెట్టుకున్నాడు. కొమురయ్య దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. తన ఉద్యోగం ఊడగొట్టినవాడి యంత్రాన్ని, ఉద్యోగపు ఆఖరి రోజున ఆమె తన చేత్తో బాగుచేసింది.

ఓదెలు లేచాడు. గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"అక్కా, తప్పయింది. మాఫ్ చెయ్యి."

స్వరూప స్క్రూలు బిగించడం ఆపలేదు.

"తమ్మీ, నిన్న నన్ను తిట్టినప్పుడు ఎన్ని బాక్సులు పెట్టినవ్?"

"ఎనిమిది."

"ఎనిమిది బాక్సులల్ల తిట్టినవు. నా చెవిల చెప్తున్నవు," అందామె. "వినబడ్డది. నేను మనసుల పెట్టుకోను. గని నాకొక్కదానికి వినబడితే నా పిల్లల ఫీజు ఎవలు కడుతరు?"

"నువ్వే వాళ్లకు చెప్పకపోతివి? ఆ అంకెలు చూపెట్టకపోతివి?"

"నేను చెప్తే తప్పు కప్పిపెట్టుకుంటున్నదంటరు. అది నువ్వు చెప్పాల్సిన మాట తమ్మీ."

ఓదెలు కన్సోలు ఎత్తుకుని బయటికి నడిచాడు.

తిరుగు దారిలో ట్రాలీ ఆటోలో కూర్చుని అతను ఫోనులో చాలాసేపు ఏదో రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. చివరకు తండ్రికి చదివి వినిపించాడు. "నా మిషను సమస్య తీరింది. సహకరించిన అందరికి ధన్యవాదాలు."

"ఆ సమస్య ఎవలు చేసిండ్రో రాయలే?" అన్నాడు కొమురయ్య.

"బాపూ, నా మిషన్ను నేనే చంపుకున్ననని చెప్తే నన్నింక ఎవలు పిలుస్తరు? మెయిను బంద్ చేసుకున్న డీజే అని నవ్వరా?"

"నవ్వుతరు," అన్నాడు ముసలాయన. దగ్గు ఆగేదాకా ఆగి మళ్లీ అన్నాడు. "మేళంల ఒకడు తప్పు వాయించి తలకాయ దించుకుంటే, వినేటోళ్లకు ఎవలు వాయించిండ్రో తెల్వదురా. పక్కోని మీదికి పోతది. నా మేళంల తప్పు వాయించినోడు ఆడనే చెయ్యి లేపాలె. లేపనోన్ని మర్నాడు రానియ్యకపోయేది. నిన్ను గూడ రానియ్యకపోదును."

ఓదెలు ఆ మెసేజి కొట్టేశాడు.

సాయంత్రం నిమజ్జనం ఊరేగింపు మైదానం నుంచి బయలుదేరాలి. ఓదెలు బాక్సులు పేరుస్తున్నాడు. కొమురయ్య కుర్చీలో కూర్చుని లెక్కపెట్టాడు. ఎనిమిది అయ్యాయి. పక్క ఊరి డీజేను బతిమాలి తెచ్చిన రెండు బాక్సులు కూడా ఓదెలు ఎక్కించాడు. పది.

దుర్గమ్మను బండి ఎక్కించారు. జనం కేకలు వేస్తున్నారు. ఓదెలు మైకు అందుకున్నాడు.

"నిన్న ఇదే జాగల, ఇదే మైకుల నేనొక మాట అన్న. స్వరూపక్క నా మిషన్ను చంపిందన్న. అది అబద్ధం! మిషన్ను చంపింది నేను. అప్‌డేట్ నడిచేటప్పుడు కరెంటు ఆపద్దని అక్క నాకు చిలుకకు చెప్పినట్టు చెప్పింది. ఆయుధపూజకు మెయిన్ స్విచ్చి బంద్ చేసింది నా చెయ్యే. నా తప్పు నేను చూసుకోకుండ ఆమెను తిట్టిన. అంత తిట్టినా, పొద్దున ఆమెనే నా మిషన్ను బతికించింది. నిన్న వీడియో తీసినోళ్లు దండం పెడుత, ఇది గూడ తియ్యుండ్రి!"

డప్పులవాళ్లు కర్రలు ఆపేశారు. తర్వాత ఎవరో పకపకా నవ్వారు. "మెయిను బంద్ చేసి మేడంను తిట్టినవా ఓదెలూ!" అన్నారు ఇంకెవరో. నవ్వు ముందు నుంచి వెనక దాకా పాకింది. ఓదెలు తల దించుకోలేదు. ఇంతలో ముందు వరసలో బోనం దించుకుని నిలబడ్డ ఒక పెద్దామె గట్టిగా అడిగింది.

"నవ్వుడు సరే గని కొడుకా, ఆ బిడ్డ నౌకరి ఉన్నదా పోయిందా?"

"పోయిందవ్వా," అన్నాడు ఓదెలు మైకులోనే. "నా నోటితోనే పోయింది."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. నవ్విన నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. నిన్న ఆ వీడియోను ముగ్గురికీ నలుగురికీ పంపినవాళ్లు ఆ మైదానంలో తక్కువేం లేరు. అప్పటికే ఎవరో తీసిన ఈ కొత్త వీడియోను పంపడానికి ఒక్కొక్కరే జేబుల్లోంచి ఫోన్లు తీశారు. ఓదెలు కన్సోలు మీద మొట్టమొదటి పేరు నొక్కాడు. కొమురయ్య క్లారినెట్ పది బాక్సుల్లోంచి మోగింది. ముసలాయన కుర్చీ చేతి మీద వేళ్లతో తాళం వేస్తూ కూర్చున్నాడు.

ఆ రెండో వీడియో చూశాక, గ్రూపులో ఆ ఎలుక కొరికిన వైరువాడు తన రాత చప్పుడు చేయకుండా తీసేశాడు. కంపెనీవాళ్లు వారం తర్వాత స్వరూపను తిరిగి రమ్మన్నారు. ఆమె వచ్చి, తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి గోడకు అంటించింది. "నీలం లైటు ఉండగా కరెంటు ఆపవద్దు. ఆయుధపూజ నాడు అప్‌డేట్ పెట్టవద్దు." కంపెనీ ఇంగ్లీషులో అచ్చువేసిన నలభై పేజీల పుస్తకంలో ఆ రెండో మాట లేదు.

ఇక్కడితో అంతా సర్దుకుందని ఓదెలు అనుకున్నాడు. రెండు నెలల తర్వాత మంచిర్యాల దగ్గర ఒక పెళ్లికి పోయాడు. అక్కడ లైటింగు పెట్టడానికి వచ్చిన కొత్త మనిషి, కన్సోలును చూసి మర్యాదగా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఈ మిషను ఖరాబైతే కరీంనగర్‌ల స్వరూప అని ఒకామె దగ్గరికి మాత్రం పోకు. పని రాదట. ఇగో చూడు, ఎవలో పాపం ఎట్ల మొత్తుకుంటుండో," అని ఫోను ముందు పెట్టాడు.

ఫోనులో జమ్మి ఆకులు పట్టుకున్న జనం. వాళ్ల మధ్య ఎర్రటి ముఖంతో అరుస్తున్న మనిషి. తనే. చూపిస్తున్నవాడు అతన్ని గుర్తుపట్టలేదు. మసక వెలుగులో తీసిన బొమ్మ, పైగా ఆ ముఖమంతా కోపమే. తాను నిజం చెప్పిన వీడియో జిల్లా దాటలేదు. అబద్ధం చెప్పిన వీడియో గోదావరి దాకా వచ్చి, తనకే బుద్ధి చెబుతోంది.

"తమ్మీ, ఆ మొత్తుకునేటోన్ని నేనే," అన్నాడు ఓదెలు. "అది అబద్ధం."

ఆ రోజు నుంచి ఓదెలు ఎక్కడ డీజే పెట్టినా, తండ్రి క్లారినెట్ కంటే ముందు ఆ మాట చెప్పేవాడు. మెయిన్ స్విచ్చి ఆపింది తానని, స్వరూపక్క చేతిలో ఏ తప్పూ లేదని మైకులో చెప్పి, అప్పుడే పాట వేసేవాడు. పెళ్లివాళ్లు విసుక్కునేవారు, కొందరు నవ్వేవారు. ఇంకెన్నాళ్లు చెబుతావని ఎవరైనా అడిగితే, "ఆ వీడియో ఏడిదాక పోయిందో ఆడిదాక," అనేవాడు. అది ఎక్కడిదాకా పోయిందో అతనికీ తెలియదు, ఎవరికీ తెలియదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఏం జరిగిందో చూడకముందే ఎవరి మీదా నింద వెయ్యకూడదు. వేశామా, నలుగురిలో ఎంత గొంతుతో వేశామో నలుగురిలో అంతకంటే పెద్ద గొంతుతో దాన్ని వెనక్కి తీసుకోవాలి.